ఐదో మలుపు దగ్గర నిలబడి

రేసు ట్రాక్ పక్కన, ఎక్స్‌రే వ్యాన్‌లో
ఆదివారం మధ్యాహ్నం

అన్నయ్యా,

కూర్చుని చదువు. నీ చెల్లెలు మోటార్‌సైకిల్ రేసుల్లో ఉంది. నడపడానికి కాదులే, కంగారుపడి వదినను కేకెయ్యకు. నెలకొకటి చొప్పున ఇక్కడ నాలుగు రేసులు జరుగుతాయట, ఒక్కోటి రోజంతా. వాటికి మా ఆసుపత్రి ఒక ఎక్స్‌రే వ్యాన్ పంపాలట. ఆదివారాలు ఎవరు వెళ్తారని పెద్ద డాక్టరు అడిగితే అందరూ గోడ గడియారం వైపు చూశారు. నేను చూపు తిప్పుకోవడం కాస్త ఆలస్యమైంది. నన్ను వేసేశారు.

పొద్దున్న తిట్టుకుంటూనే వచ్చాను. చెవుల్లో దూది, చేతిలో వారపత్రిక. పదింటికి మొదటి రేసు మొదలైంది. ఏమిటా గోల అని వ్యాన్ తలుపు దగ్గరికి వచ్చానా, ఇరవై రెండు బళ్లు ఒక్కసారి మలుపులోకి దిగాయి. తిరిగాయి అనకూడదు, పడుకున్నాయి. మోకాళ్లు నేలకి రాసుకుంటూ, మోచెయ్యి ఇంకో బెత్తెడు దిగితే అదీ తగిలేట్టు, అలా పడుకుని లేచి వెళ్లిపోయాయి. నా వారపత్రిక ఎక్కడ జారవిడిచానో ఇంతవరకూ దొరకలేదు.

తర్వాత పదకొండో నంబరు అమ్మాయి పడింది. ఇరవై మూడేళ్లుంటాయి. నడుచుకుంటూ వచ్చి వ్యాన్ ఎక్కింది, మెడ కింద ఎముక విరిగి ఉంది. నిలబెట్టి, అలవాటుగా "ఊపిరి బిగపట్టు, కదలకు" అన్నాను. బిగపట్టే ముందు ఆ పిల్ల ఒకే ఒక్క మాట అడిగింది. "మళ్లీ ఎన్ని వారాల్లో ఎక్కొచ్చు ఆంటీ?" నొప్పి ఊసే లేదు.

గురువారం, ఇంట్లో

ఉత్తరం మధ్యలో ఆపేశాను, ఇంకో ముగ్గురు పడ్డారు. ఈలోగా నేను చేసిన పని చెప్తాను, తిట్టకు. మా వెనక వీధిలో ఒకాయన స్టూడియో మూసేస్తుంటే, వెళ్లి పాత కెమెరా ఒకటీ, నా మోచేతి పొడుగు లెన్సు ఒకటీ తెచ్చుకున్నాను. మీ బావ చూసి "దీంతో పక్కింటి వాళ్ల కూరలో ఉప్పు చాలిందో లేదో కూడా తెలుస్తుందే" అన్నారు.

ఇరవై ఆరేళ్లుగా కదలొద్దు, కదలొద్దు అంటూ ఎముకల ఫొటోలు తీశాను అన్నయ్యా. ఇప్పుడు కదిలేవాటిని తియ్యాలని ఉంది. పన్నెండేళ్లు పత్రికకు ఇవే రేసులు తీసినవాడివి నువ్వు ఇంట్లో ఉండగా ఇంకెవర్ని అడగను? ఫోన్ చేస్తే నీకు వినపడక "ఆ, సరే, సరే" అని పెట్టేస్తావు. ఉత్తరానికైతే తప్పించుకోలేవు. మొదట ఏం నేర్చుకోవాలో రాయి.

నీ చెల్లి


ఇంటి ముందు గది
మంగళవారం

వాగుడుకాయకి,

నాలుగు పేజీలు అందాయి. రెండు చాలేవి.

మొదట నేర్చుకోవాల్సింది, ఆ ట్రాక్ దగ్గర నీకు వ్యాన్‌లోనే పని అని. ఫొటోలు తియ్యాలని ఉంటే మీ మేడ మీద పూలకుండీలున్నాయి. పువ్వులు కదలవు, పడవు, వచ్చి మీద పడవు. యాభై దగ్గర పడుతున్న మనిషివి.

నేను మానేసి తొమ్మిదేళ్లయింది. పత్రిక వాళ్లు మనుషుల్ని తగ్గించుకున్నప్పుడు నేనూ ఒకణ్ని, ఆ సంగతి అప్పుడే చెప్పాను. చాలావరకు మర్చిపోయాను కూడా. కాబట్టి నన్ను అడగకు.

అయినా కొన్నావు కనక, కెమెరా పాడుచెయ్యకుండా ఒక్కటి చెప్తాను. కొత్తవాళ్లంతా బండి వేగంగా పోతోంది కదా అని, కెమెరా షట్టర్ తెరుచుకుని మూసుకునే వేగం సెకనులో వెయ్యో వంతు పెట్టి నొక్కుతారు. అప్పుడు చక్రం ఆకులు కూడా లెక్కపెట్టుకునేలా వస్తాయి. స్టాండు వేసి నిలబెట్టిన బండిని తీసినట్టుంటుంది. నూట పాతికో వంతుకు దించు. దించితే నువ్వు కూడా బండితో పాటు తిరగాలి. పాదాలు బండి వెళ్లిపోయే వైపు పెట్టి నిలబడు. నడుము మాత్రం బండి వచ్చే వైపు మెలితిప్పు. మోచేతులు పక్కటెముకలకి ఆనించు. హెల్మెట్‌ని కంటితో పట్టుకుని దానితో పాటు తిరుగు, నీ ఎదురుగా వచ్చినప్పుడు మెత్తగా నొక్కు. నొక్కాక ఆగిపోకు. బండి వెళ్లిపోయాక కూడా ఇంకాస్త దూరం తిరుగుతూనే ఉండు. నూటికి తొంభై మంది అక్కడే చెడగొట్టుకుంటారు.

ముందు బస్సుల మీద చెయ్యి.

అన్నయ్య


ఆసుపత్రి ఎదుట బస్ స్టాప్
శనివారం సాయంత్రం

అన్నయ్యా,

ఒక్కటి చెప్తానని తొమ్మిది చెప్పావు. తొమ్మిదీ రాసి కెమెరా సంచి లోపల అంటించుకున్నాను.

మూడు వారాలుగా డ్యూటీ దిగగానే ఈ బస్ స్టాపే నా బడి. మొదటి రోజు తీసినవన్నీ నీళ్లలో తడిసిన ఉత్తరంలా ఉన్నాయి. నడుము తిప్పమంటే నేను మెడ తిప్పుతున్నానని రెండో రోజుకి తెలిసింది. మూడో రోజు ఒక డ్రైవరు నన్ను చూసి, నేనెవరో తనిఖీకి వచ్చిన అధికారిననుకుని, ఎన్నడూ లేనిది బస్సు సరిగ్గా గీత మీద ఆపాడు. ఎక్కేవాళ్లంతా నాకు దండం పెట్టినంత పని చేశారు. ఆసుపత్రికి వచ్చే రోగులు కూడా గుర్తుపడుతున్నారు. "ఏమ్మా, ఇవాళ సైకిళ్లా, స్కూటర్లా?" అని అడిగి మరీ లోపలికి పోతున్నారు.

రెండో రేసుకు వెళ్లాను. నీ మాట వినకుండా ముందు వెయ్యో వంతు పెట్టి ఒకటి తీసి చూసుకున్నాను. నిజమే, స్టాండు వేసిన బండే. అప్పుడు నూట పాతికకి దించాను. ఐదో మలుపు దగ్గర టైర్లు పేర్చిన గోడ వెనక ఒక కుంటి పెద్దాయన ఉంటాడు, జెండాలు ఊపేవాళ్లకు పెద్ద. నా మెడలోని ఆసుపత్రి బిళ్ల చూసి నన్ను అక్కడ నిలబడనిచ్చాడు. నాలుగు వందల పన్నెండు తీశాను అన్నయ్యా. నాలుగు వందల పదకొండు చెత్త.

ఆ ఒక్కటి దీంతో పంపుతున్నాను. హెల్మెట్ చూడు. దాని అద్దంలోంచి నడిపే అబ్బాయి కన్ను కూడా కనబడుతోంది. వెనక ఉన్న గోడ, చెట్లు, జనం అంతా కలిసి గీతలు గీతలుగా పరిగెడుతున్నాయి. నొక్కేటప్పుడు ఏం జరిగిందో తెలుసా? నాకు తెలియకుండానే ఊపిరి బిగపట్టాను. ఇన్నేళ్లూ అందరి చేతా బిగపట్టించినదాన్ని, మొదటిసారి నేను.

నిజం చెప్పు, బాగుందా? నీ ఎర్ర పెన్సిల్ పెట్టుకుని గీయాల్సినన్ని గీతలు గీసి వెనక్కి పంపు.

నీ చెల్లి


ఇంటి ముందు గది
శుక్రవారం

వాగుడుకాయకి,

ఫొటో తిప్పి పంపుతున్నాను. ఎర్ర గీతలు నాలుగే పెట్టాను. ముందు చక్రం దగ్గర చోటు చాలలేదు. బండి పోతున్న వైపు ఖాళీ ఎక్కువ ఉండాలి, లేకపోతే అది ఫొటో అంచుకు గుద్దుకునేలా ఉంటుంది. కన్ను కనబడటం అదృష్టం, కానీ అదృష్టం కూడా నిలబడ్డ చోటును బట్టి వస్తుంది.

ఐదో మలుపు ఎంచుకున్నావు. ఎవరు చెప్పారు? అక్కడ బళ్లు బాగా నెమ్మదిస్తాయి, మనిషి తల లోపలి వైపు తిరుగుతుంది, అందుకే మొహం దొరుకుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ పక్కనుంచి పడి హెల్మెట్ వెలుగుతుంది. ఆ వేళకు అక్కడ ఉండు. ఇప్పుడు అరవయ్యో వంతుకు దించు. చాలా పాడవుతాయి, పాడవనియ్యి. తియ్యగానే కెమెరా వెనకున్న తెర చూసుకునే అలవాటు ఇవాళే మానెయ్యి. తల దించిన క్షణంలోనే అసలు ఫొటో వెళ్లిపోతుంది, పైగా ట్రాక్ పక్కన తల దించుకుని నిలబడేవాడంత తెలివితక్కువవాడు లేడు. ఒక్కో బండి మోత ఒక్కోలా ఉంటుంది. మలుపుకు ముందు గేర్లు దించే చప్పుడు విను. ఎవరు తొందరపడుతున్నారో, ఎవరు జాగ్రత్తగా ఉన్నారో కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది.

మలుపు బొమ్మ గీసి వెనక పేజీలో పెట్టాను. క్రాసు గుర్తు ఉన్న చోట తప్ప ఎక్కడా నిలబడకు.

అన్నయ్య

(అమ్మాయీ, ఈ చీటీ ఆయన చూడకుండా కవరులో వేస్తున్నాను. మీ అన్నయ్య పొద్దున్న పదకొండు నుంచీ గేటు దగ్గరే, పోస్టు వచ్చేదాకా. ఆ మలుపు బొమ్మ ఆరుసార్లు గీసి చింపారు. నిన్న వంటింట్లో నన్ను అటూ ఇటూ నడవమని చేతులు కెమెరాలా పెట్టుకుని నడుము తిప్పారు. పెళ్లైన కొత్తలో కూడా నన్ను అంత శ్రద్ధగా చూడలేదు. నువ్వు రాస్తూనే ఉండు. – వదిన)


ఎక్స్‌రే గది, భోజనాల విరామంలో
సోమవారం

అన్నయ్యా,

ముందు ఫొటో చూడు, తర్వాత ఉత్తరం చదువు.

చూశావా? పదకొండో నంబరు. ఎముక అతుక్కుని నిన్న మళ్లీ ఎక్కింది. తొమ్మిదో స్థానంలో మొదలుపెట్టి ఒక్కొక్కరినీ దాటుకుంటూ నాలుగో స్థానానికి వచ్చింది. అరవయ్యో వంతే పెట్టాను. బండి మొత్తం నేలకి పరుచుకుని, మోకాలి దగ్గర నిప్పురవ్వలు. నేను అంత కిందనుంచి చూస్తే ఆ అమ్మాయి ఆకాశంలోంచి మలుపు తిరుగుతున్నట్టుంది. ఆ ముక్క నొక్కుతున్నప్పుడే తెలిసింది అన్నయ్యా, దొరికిందని. చేతికి తెలిసింది.

రేసులు నడిపేవాళ్లు దీన్ని పెద్దది చేయించి ఆఫీసు గోడకి పెట్టారు. ఆఖరి రేసుకు నాకు ఫొటోగ్రాఫర్ల బిళ్ల ఇస్తామన్నారు. పదకొండో నంబరు అమ్మాయి వచ్చి చూసి, "నేను ఇలా ఉంటానా ఆంటీ" అని చాలాసేపు కదలకుండా నిలబడింది. ఎక్స్‌రే అప్పుడు ఎంత చెప్పినా అలా నిలబడలేదు.

ఆసుపత్రిలో అందరికీ చూపించాను. పెద్ద డాక్టరు గడియారం వైపు చూడలేదు.

అక్షరాలు వంకరగా ఉన్నాయని అనకు. మెట్ల మీద కాలు జారి మణికట్టు కాస్త బెణికింది. ఎముకకు ఏమీ కాలేదు, నా ఎక్స్‌రే నేనే తీసుకున్నాను. ఎర్ర గీతల కోసం ఎదురుచూస్తుంటాను.

నీ చెల్లి


గురువారం

చెల్లాయికి,

నువ్వు ఎక్కడ నిలబడ్డావు?

నాకు అబద్ధం రాయకు. ఫొటో నీకంటే నిజం చెప్తుంది. ముందు అంచులో కంకర రాళ్లు ఒక్కొక్కటి నిమ్మకాయంత ఉన్నాయి. గోడ వెనక నిలబడి తీస్తే టైర్ల మసక నీడ కింద తప్పకుండా పడుతుంది, ఇందులో లేదు. ట్రాక్ అంచు తెల్ల గీత, కింద కూర్చుని చూస్తే కనబడేంత సన్నగా ఉంది. అంటే రెండు గోడల మధ్య సందులోంచి బయటికి వచ్చి, కంకరలో మోకాళ్ల మీద కూర్చున్నావు. పదకొండు వెనక మూలన చూడు, ఇంకో బండి సగమే ఫొటోలో పడింది, దాని చక్రాలు రెండూ నేలకు ఆనలేదు. అది జారిపోతోంది. నీ వైపే జారుతోంది.

మణికట్టు మెట్ల మీద బెణకలేదు.

బొమ్మ గీసి క్రాసు పెట్టి ఇచ్చాను. ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియదు. కెమెరా ఎవరికైనా ఇచ్చెయ్యి. ఇంక ఫొటోలు పంపకు, నేను చూడను.

అన్నయ్య


ఇంట్లో, వసారా మెట్ల మీద
ఆదివారం

అన్నయ్యా,

తప్పే. నిజమే రాస్తున్నాను.

సందులోంచి బయటికి వెళ్లాను. పదకొండును తీశాక, దొరికింది అన్న సంతోషంలో తల దించి తెర చూసుకున్నాను. నువ్వు వద్దన్న రెండు పనులూ ఒకేసారి చేశాను. అప్పుడు చప్పుడు మారింది. ఇంజను మోత తెగిపోయి, ఇనుము రోడ్డు మీద గీరుకునే చప్పుడు. అదే సమయానికి "వెనక్కి, వెనక్కి" అని పెద్దాయన కేక. నేను వెనక్కి దూకి గోడ వెనక పడ్డాను. చెయ్యి కింద పడింది. బండి వచ్చి నేను కూర్చున్న చోటుకి రెండు గజాల ఇవతల కంకరలో ఆగింది. నడిపే అబ్బాయికి ఏమీ కాలేదు. నీకు రాస్తే మాన్పించేస్తావని దాచాను.

ఇప్పుడు నువ్వు దాచింది రాస్తాను.

పెద్దాయన నన్ను లేపి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తిట్టాల్సినవన్నీ తిట్టాక అడిగాడు. "నీకు ఆ నిలబడటం ఎవరు నేర్పారమ్మా? పాదాలు అటు, నడుము ఇటు. ఈ ట్రాక్ మీద అలా నిలబడే మనిషి ఒక్కడే ఉండేవాడు." మా అన్నయ్య అన్నాను. ఆయన నా చేతిలో మంచినీళ్ల గ్లాసు తీసుకుని పక్కన పెట్టాడు. తర్వాత, "ఎలా ఉన్నాడు? అసలు ఉన్నాడా?" అన్నాడు.

ఆయన కాలు ఎందుకు కుంటో అప్పుడు చెప్పాడు. ఇదే ఐదో మలుపు, తొమ్మిదేళ్ల కిందట. బండి జారితే మిగిలిన ఫొటోగ్రాఫర్లంతా చప్పుడు విని పరిగెత్తారు. నువ్వు కదల్లేదు. ఆయన వచ్చి నిన్ను తోసేశాడు, బండి ఆయన కాలికి తగిలింది. ఇంత జరిగితే మాకు నువ్వు చెప్పింది పత్రిక వాళ్లు తీసేశారని.

"మీకు కోపంగా లేదా?" అని అడిగాను. "ఉంది. కాలు విరిగినందుకు కాదమ్మా, అది నా పని. ఆ తర్వాత మనిషి మళ్లీ కనబడనందుకు" అన్నాడు.

ఆఖరి రేసు వచ్చే నెల రెండో ఆదివారం. నీకూ ఒక బిళ్ల అడిగి తీసుకున్నాను. రా అన్నయ్యా.

నీ చెల్లి


ఇంటి ముందు గది
శనివారం

వాగుడుకాయకి,

ఈ ఉత్తరం రాయడానికి వారం పట్టింది.

ఆయన నీకు చెప్పింది నిజం, కానీ సగమే ఆయనకు తెలుసు. నాకు చెవులు ఆ రోజు పోలేదు. అంతకు రెండేళ్ల ముందే తగ్గడం మొదలైంది. పన్నెండేళ్లు ఆ మోతల పక్కనే దూది కూడా పెట్టుకోకుండా నిలబడ్డాను, పెట్టుకుంటే గేర్ల చప్పుడు తెలియదని. మొదట సన్న చప్పుళ్లు పోయాయి. తర్వాత వెనక నుంచి వచ్చేవి. డాక్టరు దగ్గరికి వెళ్లాను, ఆయన కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆ కాగితం ఆఫీసులో చూపిస్తే ట్రాక్ మీదికి పంపరు. అందుకని చూపించలేదు. పక్కవాళ్లు పరిగెడితే నేనూ పరిగెత్తేవాణ్ని, వాళ్లని చూసి. అలా రెండేళ్లు నెట్టుకొచ్చాను. ఆ రోజు నా కన్ను కెమెరాలో ఉంది. పక్కవాళ్లు పరిగెత్తడం చూడలేదు.

ఆయనకు మూడు ఆపరేషన్లు చేశారు. ఒకసారి ఆసుపత్రికి వెళ్లాను. వార్డు తలుపు దాకా వెళ్లాను. కాలు పైకి కట్టి ఉంది, ఆయన పక్క మంచం మనిషితో ఏదో చెప్పి నవ్వుతున్నాడు. లోపలికి వెళ్లి ఏమనాలి? నాకు వినపడదని నాకు ముందే తెలుసు అనాలా? వెనక్కి వచ్చేశాను. మర్నాడు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. ఎవరూ తీసెయ్యలేదు.

నీ ఉత్తరాలు రావడం మొదలయ్యాక నాకు మళ్లీ నడుము తిప్పాలనిపించింది. అందుకే నీ మీద అంత కోపం వచ్చింది. నీకు ఏమన్నా అయితే, నా వల్ల ఇద్దరు అయ్యేవాళ్లు.

నేను రాను. ఆయన ఎదుట నిలబడటం నా వల్ల కాదు. నువ్వు వెళ్లు. గోడ వెనకనుంచి తియ్యి. ఫొటోలు పంపు, చూస్తాను.

అన్నయ్య

(అమ్మాయీ, రానని రాసి కవరు అంటించమని నాకిచ్చి, స్టూలు వేసుకుని అటక మీంచి కెమెరా సంచి దించారు. బ్యాటరీ పనిచేయలేదని ఇప్పుడు బజారుకెళ్లారు. రేసుకు ముందు శనివారం రైలుకి మా ఇద్దరికీ నేను టికెట్లు తీశాను. స్టేషన్‌కి రా. – వదిన)


ఇంటి ముందు గది
బుధవారం

అమ్మలూ,

క్షేమంగా చేరాం. మీ వదిన దారి పొడుగునా నిద్రపోయింది, నేను పోలేదు. కళ్లు మూస్తే బళ్లు తిరుగుతున్నాయి.

నీకు ధన్యవాదాలు చెప్పడం నాకు చేతకాదు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తాను. నువ్వు సగం చూడలేదు.

పొద్దున్న నువ్వు నన్ను ఐదో మలుపుకు తీసుకెళ్లినప్పుడు ఆయన మొహం చూడకుండా ఉండటానికి లెన్సు తుడుస్తూ కూర్చున్నాను. తుడిచిందే తుడిచాను. ఆయన కూడా దగ్గరికి రాలేదు. జెండాలు పట్టుకున్న ఇద్దరమ్మాయిలకి ఏదో చెప్పుకుంటూ అటువైపే ఉన్నాడు. నువ్వు మా ఇద్దరినీ అటూ ఇటూ చూసి, ఏమీ అనకుండా వచ్చి నా పక్కన నిలబడ్డావు. నీ జీవితంలో నువ్వు ఏమీ అనకుండా ఉండటం అదే మొదటిసారి.

భుజం మీద ఒకసారి తడితే గుంపు వస్తోందని, గట్టిగా పట్టుకుంటే వంగమని నువ్వు చెప్పినప్పుడు, ఇలా ఏం కుదురుతుందిలే అనుకున్నాను. మొదటి ల్యాప్‌లో నువ్వు తట్టావు. రెండు సెకన్లు పోయాక పదిహేడు బళ్లు మలుపులోకి వచ్చాయి. అమ్మలూ, నాకు అన్నీ గుర్తొచ్చాయి. పాదాలకి గుర్తుంది, నడుముకి గుర్తుంది. అరవయ్యో వంతుకు దించాను, తర్వాత ముప్పయ్యో వంతుకు. అంత కిందికి ఎప్పుడూ వెళ్లలేదు, పత్రికలో పనిచేసేటప్పుడు భయం, పాడైతే ఆఫీసులో ఏమంటారోనని. ఇప్పుడు ఎవరు అడుగుతారు? పాడైతే పాడవనీ అని తీశాను. ఆనందం పట్టలేక పైకి ఏదో అరిచాను కూడా. నువ్వు ఉలిక్కిపడి చూశావు. ఏం అరిచానో నాకు వినపడలేదు, నీకు తెలిస్తే రాయి.

తర్వాత నువ్వు భుజం పట్టి కిందికి లాగావు. ఇద్దరం గోడ వెనక కూర్చున్నాం. టైర్ల పైనుంచి చూస్తే పందొమ్మిదో నంబరు బండి పక్కకి పడుకుని కంకరలోకి వస్తోంది. రాళ్లు లేస్తున్నాయి, దుమ్ము లేస్తోంది, నాకు ఏ చప్పుడూ లేదు. తొమ్మిదేళ్ల కిందట కూడా ఇలాగే వచ్చి ఉంటుంది, ఇంత నిశ్శబ్దంగా. దాన్ని నడిపే అబ్బాయి లేచి నిలబడి, దెబ్బ తగిలిన తన చెయ్యి పట్టుకున్నాడు. నిన్ను వ్యాన్‌కి పిలిచారు. ఇంకా ఆరు ల్యాపులున్నాయి. నువ్వు కళ్లతోనే, తియ్యొద్దు, ఆపెయ్యి అన్నావు. నేను తల ఊపాను. కెమెరా సంచిలో పెట్టబోయాను. నిజంగానే పెట్టబోయాను.

అప్పుడు నా ఎడమ భుజం మీద ఒక చెయ్యి పడింది. నీది కాదు, బరువుగా ఉంది. తిరిగి చూస్తే ఆయన. నా వైపు చూడటం లేదు, ట్రాక్ వైపు చూస్తున్నాడు. గడ్డంతో అటు చూపించాడు, తియ్యి అన్నట్టు.

ఆరు ల్యాపులూ ఆ చెయ్యి తియ్యలేదు. ఆయనకు మన తట్టే గుర్తులు తెలియవు. బళ్లు వచ్చేముందు ఆయన వేళ్లు వాటంతటవే బిగుసుకునేవి, వెళ్లిపోయాక వదులయ్యేవి. అంతకంటే మంచి గుర్తు ఏముంటుంది. ఆఖరి ల్యాప్‌లో వేళ్లు ముందెప్పుడూ లేనంతగా బిగుసుకున్నాయి. పదకొండు, ముప్పై ఆరు పక్కపక్కన వచ్చాయి. ఆ అమ్మాయి లోపలి వైపు నుంచి, నాలుగు వేళ్ల సందు కూడా లేని చోట దూరింది. మోచెయ్యి నేలకు తగిలింది, నేను చూశాను. దాటేసింది. నా జన్మలో అలా దాటడం చూడలేదు. మా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వేశాం, ముసలాళ్లిద్దరం. అసలు రేసు ఎవరు గెలిచారో ఇద్దరం పట్టించుకోలేదు. ఆ అమ్మాయే గెలిచిందని సాయంత్రం నువ్వు చెప్తే తెలిసింది.

బళ్లన్నీ లోపలికి వెళ్లాక ఆయనతో చెప్పాను. తలుపు దాకా వచ్చి తిరిగి వెళ్లిపోయానని, నాకు వినపడదని ముందే తెలుసని, దాచానని. గట్టిగా చెప్పానో మెల్లగా చెప్పానో తెలియదు. జెండాల అమ్మాయిలిద్దరూ తిరిగి చూశారు, గట్టిగానే చెప్పి ఉంటాను. ఆయన ఏదో అన్నాడు. వినపడలేదని చెవి చూపించాను. జేబులోంచి ల్యాపులు రాసుకునే కాగితం తీసి, వెనక రాసి నా చేతికిచ్చాడు. నన్ను అంతసేపు కాపాడుతూ నిలబడ్డందుకు ఏం రాస్తాడోనని భయంగానే విప్పాను.

"నీకు కాపలా కాద్దామని రాలేదు. గంటలు గంటలు నిలబడితే కాలు లాగుతుంది. ఆనుకోవడానికి మనిషి కావాల్సొచ్చింది" అని ఉంది.

ఆ పక్క భుజం ఇంకా నొప్పిగానే ఉంది. మీ వదిన మందు రాస్తానంటే వద్దన్నాను.

ఆఖరి ఆరు ల్యాపుల్లో తీసినవి పద్నాలుగు పంపుతున్నాను. ఆయనకూ ఒక వరస పంపాను. అన్నీ ఒక పక్కకి ఒరిగి ఉంటాయి. నిటారుగా దిద్దకు, అలాగే ఉంచు.

అన్నయ్య